కారే చెవి

కొత్త యంత్రాల మీద రాసుకురమ్మని ఎడిటర్ గారు ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి పంపారు. యంత్రాల సంగతి అటుంచితే, మైక్రోస్కోపుకి తగిలించిన టీవీ ముందు నుంచి నేను కదిలితే కదా!

బల్లమీద తొమ్మిదేళ్ల పిల్లాడు. డాక్టరమ్మ చెవి వెనక కోసి, మాస్టాయిడ్ ఎముకను తొలుస్తోంది. కుడిచేతిలో డ్రిల్లు, ఎడమచేతిలో సక్షన్ గొట్టం. నీళ్లు ధారగా పడుతూనే ఉండాలి, లేకపోతే ఎముక కాగిపోతుంది. ముఖాన్ని కదిలించే నరం అందులోంచే పోతుంది మరి. ఆ దరిదాపుల్లోకి రాగానే డ్రిల్లు కొసనున్న పళ్ల బర్ర్ తీయించి, వజ్రపు పొడి అద్దినది పెట్టించుకుంది. కదిలేవి వేళ్లే, మణికట్టు కూడా కాదు.

"ఇదిగో, కొలెస్టియటోమా" అంది. ముత్యంలా తెల్లటి ముద్ద. కేన్సర్ కాదు. చర్మమే, ఉండకూడని చోట పొరలు పొరలుగా పెరిగి ఎముకను తినేస్తుంది. వినికిడికి తోడ్పడే దాగలి ఎముక చివర అప్పటికే లేదు. ముదిరితే మెదడు దాకా పోతుంది.

చెవి నాళం గోడ ఉంచాలా, తీసెయ్యాలా అన్నదే తగువు. ఉంచితే చెవి చెవిలా ఉంటుంది, కానీ రవ్వంత పొర మిగిలినా మళ్లీ పెరుగుతుంది. పిల్లల్లో మరీ మొండిది. ఏడాదికల్లా మళ్లీ తెరిచో, స్కాను తీసో చూడాలి. తీసేస్తే ఆ భయం తక్కువ, కానీ చెవిని జన్మంతా శుభ్రం చేయించుకోవాలి, నీళ్లు పోనివ్వకూడదు. మళ్లీ రాలేరనుకున్న వాళ్లకి గోడ తీసెయ్యడమే క్షేమమట. అంటే కత్తి ఎటు తిరగాలో తేల్చేది కొంత బస్సు చార్జీ. నాకు ఒళ్లు మండింది.

బయట తల్లి అంటోంది: "నాలుగేళ్ల నుంచీ కారతానే ఉందయ్యా. ఒకటే కంపు. పెద్దయితే తగ్గుద్దిలే అన్నారు. వెల్లుల్లి కాచిన నూనె పోశాం. బడికి డాక్టర్లొచ్చి బరువు తూశారు, పళ్లు చూశారు. చెవిలోకి ఎవురూ చూళ్లా. మేష్టారేమో మొద్దని ఎనక బెంచీలో కూచోబెట్టాడు."

సగం మాటలే వినబడే పిల్లాణ్ణి బోర్డుకి ఇంకా దూరంగా! కంపు కొట్టే చీము కారుతోందంటేనే ఈ జబ్బు అనుమానించాలి. చూడ్డానికి కావలసింది చిన్న దీపం, గరాటు ఉన్న ఓటోస్కోపు. చెవి వెనక ఎముక తొలిచే పద్ధతిని జర్మనీలో ష్వార్ట్జె 1873లోనే వివరించాడు. ఇంత పాత విద్య చేతిలో ఉండి, దీపం వేసి చూసేవాళ్లు కరువా?

ఊరెంత దూరమో, ఎవరు తీసుకొస్తారో ముందే అడిగిన డాక్టరమ్మ గోడ తీసేసింది.

"చెరువులో దిగకూడదంటగా" అంది తల్లి. "ఎండాకాలం వాణ్ణి ఎవురాపుతారు? నేను కూలికి పోవాలిగా."