చుక్కి నేర్పిన పాఠం

మా అమ్మాయి మన స్కూల్లోనే ఆరో తరగతి చదువుతోంది. పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో క్లాస్ టీచర్ గారు "మీ పాప తాబేలు సంగతి క్లాసులో చెప్పింది సార్, మీరు రాసి ఇస్తే అందరికీ ఉపయోగపడుతుంది" అన్నారు. రాయడానికి కాస్త వెనకాడాను. ఎందుకంటే ఇందులో మా తప్పుంది. అయినా ఇది చదివి ఒక్కరైనా అలాంటి తప్పు చేయకుండా ఆగితే చాలని రాస్తున్నాను.

మాకు గుంటూరులో ఎరువులు, పురుగుమందుల షాపు ఉంది. పర్చూరు వైపు సొంతూళ్ళో పత్తి, మిరప వేస్తాం. కొత్త ఇంటి గృహప్రవేశానికి వచ్చిన దగ్గరి బంధువు ఒకాయన చిన్న అట్టపెట్టె తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టాడు. లోపల అరచేతిలో పట్టేంత తాబేలు పిల్ల. నల్లటి డిప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉన్నాయి. "ఇంట్లో ఉంటే కలిసొస్తుంది బావా" అన్నాడు. మా అమ్మ "కూర్మనాథుడే మనింటికి నడిచొచ్చాడు" అంటూ దాని ముందు దీపం పెట్టింది. అమ్మాయి 'చుక్కి' అని పేరు పెట్టింది. ఎక్కణ్ణుంచి తెచ్చావని మాత్రం మాలో ఒక్కరం కూడా అడగలేదు.

చుక్కిని ముద్దుగానే పెంచాం. టైల్స్ వేసిన హాల్లో, ఎండ తగలకుండా, వేసవంతా ఏసీ గదిలో ఉంచాం. టమాటా, దోసకాయ, అరటిపండు పెట్టేవాళ్ళం. గుంటూరు వాళ్ళం కదా, గోంగూర కూడా పెట్టాం. బలం వస్తుందని మా ఆవిడ ఉడికించిన గుడ్డు, పప్పన్నం పెట్టేది. అమ్మాయి ఎవరూ చూడకుండా బిస్కెట్ ముక్క వేసేది. నెల నెలా స్కేలు పెట్టి కొలిచేవాళ్ళం. తొందరగా పెరుగుతుంటే మాకు అదొక గర్వం.

ఏడాది తిరిగేసరికి డిప్ప మీద ఒక్కో పలకా మధ్యలో పైకి లేచి, వరసగా చిన్న గుట్టలు పేర్చినట్టు తయారైంది. నడక కూడా మందగించింది. "నాన్నా, ఇది ఇలా ఎందుకైంది?" అని అమ్మాయి అడిగితే నా దగ్గర సమాధానం లేదు. విజయవాడలో ఇలాంటి జీవాలను చూసే పశువైద్యుడు ఉన్నారని తెలిసి తీసుకెళ్ళాం.

డాక్టర్ గారు డిప్పను వేలితో తడిమి, ఎక్స్‌రే తీయించి, ఓపిగ్గా చెప్పారు. దీన్ని పిరమిడింగ్ అంటారట. డిప్ప పైనుండే పలకలు మన గోళ్ళలాగే కెరాటిన్‌తో తయారవుతాయి. తాబేలు పెరిగేకొద్దీ ఒక్కో పలక అంచు చుట్టూ కొత్త పొర చేరుతుంది. వాతావరణంలో తగినంత తేమ ఉంటే ఆ పొర పక్కకు చదునుగా పరుచుకుంటుంది. గాలి మరీ పొడిగా ఉంటే సరిగా పరుచుకోదు, పలక నడిమి భాగం గుట్టలా లేస్తుంది. నక్షత్ర తాబేళ్ళకు కొద్దిపాటి ఎత్తుపల్లాలు సహజమే, బయట పెరిగిన వాటిలోనూ కనిపిస్తాయి. కానీ చుక్కిది ఆ హద్దు దాటింది. దానికి తోడు ఎండ, కాల్షియం చాలక కింద ఎముక కూడా పలచబడింది.

"ఇది ఎండు నేలల్లో బతికే జంతువు కదండీ, తేమ ఎందుకు?" అని అడిగాను. ఆయన నవ్వి, "పొలాల గట్ల మీద, తుప్పల్లో తిరిగే జాతే. కానీ వానాకాలంలోనే ఇవి బాగా చురుగ్గా ఉంటాయి, అప్పుడే పచ్చిక మేస్తాయి. మిగతా రోజుల్లో పిల్లలు గడ్డి దుబ్బుల కింద, నీడలో, కాస్త చెమ్మ ఉన్నచోట దాక్కుంటాయి. మీ ఏసీ గదిలో ఆ దుబ్బు ఏదీ?" అన్నారు. 2003లో వియన్నా పరిశోధకులు ఆఫ్రికా జాతి తాబేలు పిల్లలను 50 తీసుకుని ఐదు నెలలు పెంచి చూశారట. కొన్నిటిని పొడి గాలిలో, కొన్నిటిని తేమలో ఉంచారు. మేతలో మాంసకృత్తులు కూడా మార్చి చూశారు. డిప్ప గుట్టలు కట్టడానికి మేత కన్నా పొడి గాలే ఎక్కువ కారణమని తేలింది. అలాగని మేత ఏదైనా ఫరవాలేదని కాదు. గుడ్డు, పప్పు, బిస్కెట్లు దాని పొట్టకు పట్టేవి కావు. గోంగూరలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు.

"మరి ఈ గుట్టలు తగ్గుతాయా అంకుల్?" అని అమ్మాయి అడిగింది. "లేచినవి తగ్గవమ్మా. ఇకముందు వచ్చే పొర మాత్రం బాగా రావచ్చు" అన్నారు.

ఆ మాట వింటుంటే నాకు నా షాపే గుర్తొచ్చింది. యూరియా ఎక్కువ వేస్తే పత్తి ఏపుగా, నల్లగా పెరుగుతుంది. చూసినవాళ్ళు బాగుందంటారు. తీరా చూస్తే ఆకే తప్ప కాయ ఉండదు, రసం పీల్చే పురుగు కూడా ఎక్కువవుతుంది. రోజూ రైతులకు నేనే చెప్పే మాట ఇది. ఇంట్లో మాత్రం గుర్తుకు రాలేదు.

అన్నీ చెప్పాక డాక్టర్ గారు పెన్ను పక్కన పెట్టి అసలు సంగతి చెప్పారు. నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో ఇది పులి, ఏనుగులతో పాటు మొదటి షెడ్యూలులో చేరింది. మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా పడవచ్చు. 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశంలో దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. అందుకు కారణం లేకపోలేదు. మన దేశంలో ఒకే ఒక్క ప్రాంతం నుంచి ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్ళను పట్టుకుపోతున్నారని 2015లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. "ఎవరో ఒకరు కొంటున్నారు కాబట్టే పడుతున్నారు. మీకు కానుకగా వచ్చినా చట్టానికి తేడా లేదు. అటవీశాఖకు అప్పగించండి" అన్నారు.

తిరుగు ప్రయాణంలో కార్లో ఎవరం మాట్లాడలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక అమ్మాయి అడిగింది, "నాన్నా, మనం దొంగవస్తువు ఉంచుకున్నామా?" అని.

నిజం చెప్పాలంటే నేను నెల రోజులు వాయిదా వేశాను. కేసవుతుందని భయం. ఊరెళ్ళి పొలం గట్టున వదిలేస్తే పోతుంది కదా అనుకున్నాను. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే గట్టిగా వద్దన్నారు. ఏ ప్రాంతం నుంచి వచ్చిందో తెలియని తాబేలును వదిలితే, ఇంట్లో అంటిన జబ్బులు అక్కడి వాటికి పాకవచ్చు. పైగా మా పొలాల గట్ల మీది గడ్డి మీద మిరపకు, పత్తికి కొట్టిన మందు పడే ఉంటుంది. ఆ మందు అమ్మేదీ నేనే.

ఆ నెలంతా అమ్మాయి మాత్రం డాక్టర్ గారు చెప్పినవన్నీ వదలకుండా చేసింది. చివరికి ఒక ఉదయం స్కూలుకు తయారై, పుస్తకాల సంచి పక్కనే చుక్కి ఉన్న బుట్ట కూడా పెట్టుకుని కూర్చుంది. "ఇవాళ వెళ్దాం నాన్నా" అంది. ఇక తప్పించుకోలేకపోయాను.

అటవీశాఖ కార్యాలయంలో జరిగింది జరిగినట్టు చెప్పి, రాసిచ్చి, సంతకం పెట్టాను. వాళ్ళు అడిగిన వివరాలన్నీ ఇచ్చాను. నా చేయి వణికిన మాట నిజం. అమ్మాయి తన నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఒకటి ఆఫీసరు గారి చేతికిచ్చింది. అందులో ఇలా రాసి ఉంది:

"రోజూ గోరువెచ్చని నీళ్ళలో పదిహేను నిమిషాలు కూర్చోబెట్టాలి. నీళ్ళు గడ్డం దాటకూడదు. ఒక మూల తడిపిన మట్టి, ఎండుగడ్డి కప్పి దాక్కునే చోటు పెట్టాలి. కానీ అంతా బురదగా ఉండకూడదు. పొద్దుటి ఎండలో ఉంచాలి, పక్కన నీడ ఉండాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు. గడ్డి, మందారం ఆకులు, పూలు, మల్బరీ ఆకులు పెట్టాలి. మందు కొట్టిన చోటివి కోయకూడదు. పండ్లు బాగా తగ్గించాలి. గుడ్డు, అన్నం, బిస్కెట్ వద్దు. తొందరగా పెరగాలని ఎక్కువ పెట్టకూడదు."

ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి ఫైల్లో పెట్టుకున్నారు. అమ్మాయి బయటికి వచ్చాకే ఏడ్చింది.

తల్లిదండ్రులకు నా మనవి రెండు మాటలు. ఎవరైనా నక్షత్ర తాబేలు ఇస్తామంటే, కలిసొస్తుందన్నా సరే, తీసుకోకండి. విదేశీ జాతి తాబేలు ఉన్నవారు అది సైటిస్ జాబితాలోనిదేమో చూసుకుని, కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించండి. దాన్ని పెంచడానికి మా అమ్మాయి రాసిన ఆ కాగితం పనికొస్తుంది. తాబేలు దశాబ్దాలు బతుకుతుంది, మొదటి రెండు మూడేళ్ళలో మనం చేసిన పొరపాటు దాని వీపు మీద జీవితాంతం ఉండిపోతుంది.

రెండో మాట నాకు నేను చెప్పుకునేది. ఈ మధ్య దాకా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డును కూడా నేను స్కేలు పెట్టి కొలిచినట్టే చూసేవాణ్ణి. ఇప్పుడు రోజూ సాయంత్రం గంటసేపు ఆటకు వదులుతున్నాను. మొన్న యూనిట్ టెస్ట్‌లో లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గాయి. నేనేమంటానో అని నా మొహం వంక చూసింది. "ఎక్కడ తప్పు పోయిందో కూర్చుని చూద్దాం రా తల్లీ" అన్నాను.