ఏడాది ఎటు పోయిందో, వదినా!

వదినా, ఓ వదినా! ఒక్కసారి ఇటు రండి. బట్టలు తర్వాత ఆరేద్దురుగాని. ఇదిగో వేపపువ్వు. మా చెట్టు ఈసారి బాగానే పూసింది, రేపటి పచ్చడికి మీకూ సరిపోతుంది. చూస్తూ చూస్తూ విశ్వావసు వెళ్ళిపోతోంది, తెల్లారితే పరాభవ. మా ఆయన అప్పుడే కొత్త పంచాంగం పట్టుకుని ఆదాయ వ్యయాలు లెక్కేస్తున్నారు. పాత ఏడాది లెక్క తేలనివ్వండి ముందు, అన్నాను.

ఏం తక్కువ చూశామా? కొబ్బరికాయ రేటు చుక్కలనంటింది. తోటలున్నవాళ్ళు మురిసిపోయారు, కొనుక్కునేవాళ్ళం పప్పులపొడితో సరిపెట్టుకున్నాం. సెప్టెంబరు 22 నుంచి సబ్బూ షాంపూల మీద జీఎస్టీ 18 శాతం కాస్తా 5 అయిందన్నారా, కొట్టతను మాత్రం ‘ఇది పాత సరుకండి’ అంటూ ఎన్నాళ్ళు సాగదీశాడో! అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మీ చెట్టు మట్ట విరిగి ఈ గోడ మీదే పడిందిగా, పెచ్చు ఊడినచోటు ఇంకా అలాగే ఉంది. కరెంటు పోతే వీధిలో ఫోన్లన్నీ మీ ఇన్వర్టరుకే తగిలించాం. ఎవరిది ఏదో తెలీక, మా పెద్దాడు హైదరాబాదు నుంచి చేస్తే మీరెత్తి, మీ తమ్ముడనుకుని చెడామడా చీవాట్లు పెట్టారు. వాడు నోరెత్తకుండా అన్నీ విన్నాడట పాపం!

నన్నడిగితే ఈ ఏడాది అసలు సంగతి ఇవేవీ కాదు. ఆగస్టు 15న మొదలైన ఆడవాళ్ళ ఫ్రీ బస్సు. డబ్బుల గురించి కాదు నే చెప్పేది. మన అమలాపురం నుంచి రావులపాలేనికి ఛార్జీ ఏమంత? ఇన్నాళ్ళూ గడప దాటాలంటే ఓ పెళ్ళో పేరంటమో, కాదంటే ఆసుపత్రో ఉండాలి. ఏదీ లేకపోతే ‘బస్సుకివ్వండి’ అని అడగాలి. ఆయన ఇవ్వరని కాదు, ఇస్తారు. జేబులో చెయ్యి పెడుతూనే ‘ఇప్పుడెందుకూ?’ అంటారు. దానికి జవాబు చెప్పలేక ఎన్ని ప్రయాణాలు మానేశామో! ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెడుతున్నారు. కండక్టరు ‘ఎక్కడికమ్మా’ అంటాడే గానీ ‘ఎందుకమ్మా’ అనడు.

అలాగేగా మనం వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలూ పూర్తిచేసింది! వస్తూ వస్తూ ఆత్రేయపురం పూతరేకులు కూడాను.

మా అత్తగారి సంగతి చెప్పనేలేదు కదూ? చిన్నప్పుడెప్పుడో చూసిన ర్యాలి గుడి మళ్ళీ చూడాలని ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో. ఎవరితోనూ అనలేదు. కార్తీకంలో తీసుకెళ్ళాను. ముందు నుంచి కేశవస్వామి, వెనక నుంచి మోహిని, రెండూ ఒకటే రాయి. పూజారిగారు దీపం పట్టి వెనకవైపు ముడి చూపిస్తుంటే ఆవిడ అక్కణ్ణుంచి కదిల్తేనా! ‘నువ్వెళ్ళి తీర్థం తీసుకో, నేను ఇంకాసేపు ఉంటా’నన్నారు. ఆ మనిషి నోట ‘ఉంటాను’ అన్నమాట నేను కాపురానికొచ్చాక వినడం అదే మొదలు. ఎక్కడికెళ్ళినా ‘పదండి, ఆలస్యమైపోతోంది’ అనేవారే.

అంతా బాగుందని అననండి. సీటు దొరకడం గగనం. టికెట్టు కొనుక్కుని నిలబడ్డ మగవాళ్ళు గుర్రుగా చూస్తారు. సందు చివర ఆటో అబ్బాయికి బేరాలు తగ్గాయి. అక్టోబరులో ప్రభుత్వం ఆటోవాళ్ళకి ఏడాదికి 15,000 ఇవ్వడం మొదలెట్టింది గానీ, ఏ పూటకాపూట పోయే బేరాలకి అదేపాటి? అందుకే బస్టాండు దాకా మాత్రం అతని ఆటోలోనే వెళ్తున్నాను.

పంచాంగంలో మా రాశికి రాజపూజ్యం తక్కువట, అవమానం ఎక్కువట. ఉండనివ్వండి. పండగ హడావుడి తగ్గాక ఓ రోజు చూసుకుని అంతర్వేది వెళ్దాం. మొక్కేమైనా ఉందా అంటారేమో, ఏమీ లేదు. సముద్రం చూసొద్దాం. ఆధార్ కార్డు మర్చిపోకండేం!