పోత్‌డా, పాకీ, ఒక ట్యూబు

మా ఉర్దూ మీడియం స్కూల్లో ముహావరాలు చెప్పే పీరియడ్‌లో 'పోత్‌డోఁ కే రయీస్' అన్న మాట రాగానే క్లాసంతా పగలబడి నవ్వేది. పోత్‌డా అంటే పసిబిడ్డకు కట్టే గుడ్డ. ఆ గుడ్డల్లో ఉన్నప్పటి నుంచే శ్రీమంతుడు, అంటే పుట్టు జమీందారు అని దాని మతలబ్. మా ఇళ్లలో పోత్‌డాలంటే అబ్బా పాత లుంగీలు, నానీమా వాడి వాడి మెత్తబడిపోయిన దుపట్టాలు. వాటిలో పెరిగినోళ్లెవరూ రయీస్ అవలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు మల్కాపురంలో రోజుకూలీ ఇంట్లో బిడ్డకు కూడా డైపరే. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. అక్కడ ఒక పక్క రిఫైనరీ, ఇంకో పక్క నేవీ వాళ్ల గోడలు, ఆ పైన షిప్‌యార్డు. సముద్రపు చెమ్మ. వానాకాలం గుడ్డ ఆరాలంటే రెండ్రోజులు. డాబా మీద ఆరేస్తే నల్లటి పొడి. పంపు వచ్చినప్పుడు పట్టుకున్న నీళ్లతోనే రోజంతా వంట, వుజూ, బట్టలు. అలాంటి ఇంట్లో రోజుకి ఇరవై పోత్‌డాలు ఎవరు ఉతుకుతారు? అమ్మే ఉతకాలి. అందుకే డైపరు.

దీనికి తోడు మన ఇళ్లలో ఇంకో ఫికర్ ఉంది. పాకీ. బిడ్డ ఒళ్లో మూత్రం పోస్తే బట్టలు నాపాక్, నమాజుకి మళ్లీ మార్చుకోవాలి. ఐదు పూటలు మార్చుకోవడానికి ఎన్ని జతలుంటాయి పాపం ఆమెకి? కాబట్టి జుహర్‌కి ముందు వేసిన డైపరు మగ్రిబ్ దాకా అలాగే ఉండిపోతుంది. ఈ మాట మగాళ్ల మధ్య ఎప్పుడూ రాదు. మసీదులో తహారత్ మీద గంటసేపు తఖ్రీర్ విని ఇంటికొచ్చే మనకి, ఇంట్లో ఆ తహారత్ లెక్క ఎవరి నెత్తిన పడిందో తెలీదు. ఉమ్మె ఖైస్ తన పసివాణ్ణి ప్రవక్త దగ్గరికి తీసుకొచ్చిన రివాయత్ బుఖారీలో ఉంది. ఆ పిల్లాడు ఆయన బట్టల మీదే మూత్రం పోశాడు. ఆయన నీళ్లు తెప్పించి దాని మీద చల్లారు. అంతే. మస్‌అలా మీ ఆలిమ్‌నే అడగండి, నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. కానీ ఆ సాదాతనం చూడండి.

మా చిన్న ఖాలా కూతురు మల్కాపురంలోనే ఉంటుంది. మొగుడు షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డరు. వాళ్ల బాబుకి ఏడో నెల నడుస్తున్నప్పుడు ఒక రాత్రి ఫోను చేసింది. 'భయ్యా, మున్నాకి గడ్డలు లేచాయి' అని ఇంకేమీ చెప్పలేక ఏడ్చేసింది.

మర్నాడు వెళ్లి చూశాను. పిర్రల మీద, తొడల లోపలి వైపు ఏడెనిమిది బుడిపెలు. కొన్ని బఠాణీ గింజంత, రెండు రేగుపండంత. రంగు నేరేడు పండు రంగు. నొక్కితే వాడు ఏడవలేదు, నవ్వుతూ నా కళ్లజోడు లాగాడు. పెద్దోళ్ల మొహాలే చూడలేకపోయాను. ఖాలా మిరపకాయలతో నజర్ తీసి దమ్ చేయించి, తావీజ్ కూడా కట్టించేసింది. అత్తగారు 'పాలల్లో గర్మీ ఉంది, అందుకే' అంది. పక్కింటావిడ ఇంకాస్త ముందుకెళ్లి, గడ్డంటే ఆ పెద్ద జబ్బేమోనని గొంతు తగ్గించి చెప్పి వెళ్లింది. చెల్లి మూల కూర్చుని ఉంది. తప్పంతా తనదేనని అప్పటికే తీర్మానమైపోయింది ఆ ఇంట్లో.

రెండు నెలల వెనక్కి వెళ్తే సంగతి చాలా మామూలుది. డైపరు దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయింది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. 'రెండ్రోజుల్లో సాఫ్ అయిపోయింది భయ్యా, జాదూ లాగా' అంది చెల్లి. మానేస్తే మళ్లీ ఎర్రబడింది. మళ్లీ రాసింది. ఈసారి ఇంకాస్త ఎక్కువ. అలా మూడు ట్యూబులు.

పెద్దాసుపత్రిలో చర్మం ఓపీకి తీసుకెళ్లాం. డాక్టరమ్మ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి, గడ్డల కంటే ముందు 'ఏం రాస్తున్నారు?' అని అడిగింది. చెల్లి సంచీలోంచి నలిగిన ట్యూబు తీసింది. దాని మీద చీమల్లాంటి అక్షరాల్లో నాలుగు మందుల పేర్లున్నాయి. ఒకటి బ్యాక్టీరియాకి, ఒకటి ఫంగస్‌కి, ఇంకొకటి ఇంకేదో. అన్నిటికంటే పైన క్లోబెటాసోల్. స్టెరాయిడ్ పూతమందుల్లో అన్నిటికంటే ఘాటైన తరగతిది. పెద్దోళ్ల మోచేతి మందపు తోలు మీద కూడా డాక్టరు రోజులు లెక్కపెట్టి రాయించేది.

ఈ గడ్డలకు ఒక పేరుంది: గ్రాన్యులోమా గ్లూటియాలే ఇన్ఫాంటమ్. లాటిన్‌లో ఎంత భయంగా ఉన్నా దాని అర్థం 'పసిపిల్లల పిర్రల మీది బుడిపెలు' అనే. టాపైనర్, ఫ్లేగర్ అనే ఇద్దరు వైద్యులు 1971లో ఒక జర్మన్ పత్రికలో ఈ పేరుతో రాశారు. అరుదు. ఎక్కువగా రెండో నెల నుంచి తొమ్మిదో నెల మధ్య పిల్లల్లో కనిపిస్తుంది. కేన్సర్ కాదు. కానీ చూడ్డానికి కొన్ని కేన్సర్ గడ్డల్లాగే ఉంటాయి కాబట్టి, అనుమానం తీరకపోతే డాక్టర్లు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మున్నాకి ఆ అవసరం రాలేదు. ట్యూబే సగం కథ చెప్పేసింది.

మిగతా సగం డాక్టరమ్మ చెప్పింది. మలంలో ఉండే బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను విరగ్గొడితే అమ్మోనియా వస్తుంది. దాంతో అక్కడి చర్మంలో సహజంగా ఉండే కొద్దిపాటి ఆమ్లగుణం పోతుంది. అప్పుడు మలంలోని ఎంజైములు జోరందుకుని చర్మాన్ని కొరుకుతాయి. తడి, రాపిడి, గాలాడకపోవడం దానికి తోడు. ఆ మీద కాండిడా అనే ఫంగస్ చేరుతుంది. స్టెరాయిడ్ రాయగానే ఎరుపు పోతుంది, ఎందుకంటే అది మంటను అణిచేస్తుంది. కారణం మాత్రం అక్కడే ఉంది. ఫంగస్ ఇంకా హాయిగా పెరుగుతుంది, చర్మం పల్చబడుతుంది. పైగా డైపరు వేసి బిగిస్తే, గాయానికి మందు రాసి ప్లాస్టిక్ కప్పి కట్టు కట్టినట్టే. మందు మామూలు కంటే చాలా ఎక్కువ ఒంట్లోకి ఇంకుతుంది. అదే చోట నెలల తరబడి ఇదంతా జరిగితే కొందరు పిల్లల్లో చర్మం ఇలా బుడిపెలుగా లేస్తుంది. స్టెరాయిడ్ ఒక్కటే ముజ్రిమ్ అని కాదు. అది వాడని పిల్లల్లోనూ వచ్చిన కేసులున్నాయి. తడిగుడ్డ మీద ప్లాస్టిక్ చడ్డీ వేసినా రావొచ్చు. ఆ మాటకొస్తే తడిని బాగా పీల్చే ఈనాటి డైపరు, గంటలు గంటలు ఒంటికంటిన తడి పోత్‌డా కంటే నయమే. పాతకాలమంతా బంగారం అనే మా ఖాలాకి ఇది నచ్చలేదు.

ఎలాజ్ ఏమిటంటే, మానేయడం. ట్యూబు బంద్. పౌడరు బంద్. ఖుష్బూ తుడుపు కాగితాలు బంద్. గోరువెచ్చటి ఉత్త నీళ్లతో కడగడం, రుద్దకుండా అద్దడం, రోజులో కాసేపు గాలికి వదిలేయడం, తడిసిన వెంటనే మార్చడం, జింక్ ఆక్సైడ్ పూత మందంగా పెట్టడం. కాండిడాకి విడిగా ఒక మందు రాసింది. 'గడ్డలకేమీ లేదా మేడమ్?' అని చెల్లి రెండుసార్లు అడిగింది. మందు లేకుండా ఆసుపత్రి నుంచి తిరిగి రావడం మన జనానికి ఎంత కష్టమో అప్పుడు చూశాను. ఒక ఇంజెక్షనైనా పొడిచి ఉంటే ఖాలా శాంతించేది.

అయితే ఇది చదివి మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి ఇలాంటి ట్యూబు వాడుతుంటే, రాత్రికి రాత్రి సొంతంగా ఆపి కూర్చోకండి. ముందు డాక్టరుకి చూపించండి. పసిబిడ్డ ఒంట్లోకి ఆ మందు బాగా ఇంకి ఉంటే, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి ఉండొచ్చు. ఆపాక ఎరుపు ఒకసారి ఎగదన్నుతుంది కూడా. అది చూసి భయపడే చాలామంది తల్లులు మళ్లీ ట్యూబు అందుకుంటారు. ఇక జ్వరం, చీము, పుండ్లు, పొక్కులు ఉంటే ఏ నుస్ఖా చూడకుండా అదే రోజు ఆసుపత్రికి.

ఆ ట్యూబు చీటీ లేకుండా ఎలా దొరికిందని అడుగుతారేమో. చర్మవైద్యులు ఏళ్ల తరబడి గోల పెడితే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. కాగితం మీద ఖానూన్ బాగుంది. మీ వీధి చివరి షాపుకి వెళ్లి 'దురదకి ఏదైనా ట్యూబు' అని అడిగి చూడండి, ఖానూన్ ఎంత దూరం నడిచిందో మీకే తెలుస్తుంది. గజ్జికి, తామరకి, మొహం తెల్లబడ్డానికి, ఆఖరికి పసివాడి పిర్రలకి కూడా అదే ట్యూబు.

ఇంకో మాట. మంచాన పడి పెద్ద సైజు డైపర్లలో ఉండే దాదాలు, దాదీల్లో కూడా ఇలాంటి బుడిపెలు వస్తాయట. వాళ్లు చూపించుకోవడానికి సిగ్గుపడతారు, మనం చూడ్డానికి ఇంకా సిగ్గుపడతాం. ఖిద్మత్ చేసే కోడలికో కూతురికో తప్ప ఎవరికీ తెలీదు.

మున్నా గడ్డలు నెలకల్లా మెత్తబడ్డాయి. దాదాపు నాలుగు నెలలకు చదునయ్యాయి. ఈలోగా వాళ్ల అబ్బా రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఫజర్ ముందు ఒకసారి బిడ్డను కడిగి మార్చడం నేర్చుకున్నాడు. మొదట్లో డైపరు వెనకాముందు వేసేవాడట. చెల్లి నమాజుకని ఒక జత బట్టలు విడిగా మేకుకి తగిలించింది. ఎడమ పిర్ర మీద గోధుమరంగు మచ్చ ఒకటి ఇంకా మిగిలుంది. ఖాలా దాన్ని చూసినప్పుడల్లా నిఖా నాటికి పోతుందా బేటా అని నన్ను అడుగుతుంది, జర్నలిస్టుకి అన్నీ తెలుస్తాయని.