'షల్' అంటే ఏటి సార్?

కిరండోల్ పాసింజర్ ఆ రోజూ లేటే. బొర్రా గుహలు స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని మొక్కజొన్న పొత్తు తింటున్నా. పక్కన ఓ కుర్రాడు. ఒళ్లో డీయస్సీ గైడు, అందులో మడతలు పడ్డ జిరాక్స్ కాగితాలు. నేను పేపర్లో రాస్తానని తెలిశాక కాసేపు తటపటాయించి, ఓ కాగితం నా ముందుకు జరిపాడు.

"సార్, ఐ, వుయ్ అయితే షల్. మిగతా అందరికీ విల్. అంతే కదా? మరి ఇక్కడ 'ట్రాన్స్‌ఫర్' థర్డ్ పర్సనే కదా... షల్ అని పడిందేటి? అచ్చుతప్పా?"

నవ్వబోయి ఆగిపోయా. అది 1959 నాటి ఏజెన్సీ భూబదలాయింపు రెగ్యులేషన్. 1970లో చేసిన సవరణతో సహా ఉంది. ఏజెన్సీలో భూమిని గిరిజనుడికో, గిరిజనులే సభ్యులైన సొసైటీకో తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదు. ఆ 'చెల్లదు' దగ్గరే ఉంది కుర్రాడి షల్.

వాడి బెంగ గ్రామర్ గురించి కాదు. 1970 దాటాక ఎప్పుడో, తాత చేతిలోని రెండెకరాలు అప్పు కింద మైదానం షావుకారుకి పోయాయి. షల్ అంటే భవిష్యత్ కాలమని బళ్లో చెప్పారు. అంటే ఇకమీదట రాసుకునేవే చెల్లవా? అప్పుడు పోయింది పోయినట్టేనా?

మనందరం చదివిన రెన్ అండ్ మార్టిన్‌లో ఆ సూత్రానికి రెండో సగం ఉంది. మాస్టార్లు తొందరలో దాటేస్తారు. థర్డ్ పర్సన్‌కి షల్ తగిలిస్తే అది కాలం కాదు, ఆజ్ఞ. చట్టాలన్నీ ఆ రెండో సగం మీదే నడుస్తాయి. పాత గెజిట్ తెలుగులో 'వలెను' అంటారే, అదీ షల్! ఇదే రెగ్యులేషన్‌లో ఇంకో షల్ ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని రుజువయ్యేదాకా అది గిరిజనుడి నుంచి వచ్చినట్టే భావించవలెను. అంటే రుజువు చేసుకోవాల్సిన బరువు షావుకారు మీద. ఆ మాట చెప్పగానే కుర్రాడు గైడులోంచి పెన్సిలు తీశాడు.

నేనేదో పండితుణ్ని అనుకునేరు! డిప్లొమా చేతబట్టుకుని ఉద్యోగంలో చేరిన కొత్తలో, ప్రభుత్వం ఫలానా భూములను 'మే' వెనక్కి తీసుకుంటుందని ఇంగ్లిష్ కాపీ వస్తే 'వెనక్కి తీసుకోవచ్చు' అని హెడ్డింగ్ పెట్టా. తెల్లారేసరికి ఫోన్లు... ఎవరిచ్చారు పర్మిషన్ అని. తప్పు నాదే. మన 'వచ్చు' ఒకటే. 'వాన రావచ్చు'లోనూ అదే, 'లోపలికి రావచ్చు'లోనూ అదే. ఇంగ్లిష్ మే కూడా అలాంటి జంతువే. కాకపోతే 'వెళ్లకూడదు', 'వెళ్లనక్కర్లేదు' అని మనం తేడాగా చెప్పినంత తేటగా, మస్ట్ నాట్, నీడ్ నాట్ మన పిల్లలకు అంత సులువుగా పట్టుబడవు.

రాజ్యాంగం ఐదో షెడ్యూలు గవర్నరుకి ఈ అధికారం ఇచ్చేదీ మే తోనే. గిరిజన ప్రాంతాల కోసం గవర్నరు రెగ్యులేషన్లు చేయవచ్చు, భూబదలాయింపులను నిషేధించవచ్చు. చేయకపోతే? అడిగేవాడు లేడు. పైనున్న ఆ 'వచ్చు'లోంచే కింద ఇంత గట్టి 'వలెను' పుట్టింది. ఎంత గట్టిదంటే, ఇదే అనంతగిరి మండలం నిమ్మలపాడు గనుల గొడవ సుప్రీంకోర్టుకెళితే, రెగ్యులేషన్‌లోని 'పర్సన్' అంటే ప్రభుత్వం కూడానని 1997 జులై 11న సమత కేసులో తీర్పొచ్చింది. సర్కారు భూమైనా సరే, గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వడానికి లేదు.

"మరి పెసాలో గ్రామసభని సంప్రదించాలని ఉంది కదా సార్. అదీ షల్లే. సంప్రదించాక మేం వద్దంటే?"

గడుగ్గాయి! షల్ ఎంత గట్టిగా ఉన్నా, పక్కనున్న క్రియ మెత్తనిదైతే అంతే సంగతులు. 1996 పెసా చట్టంలో భూసేకరణకి ముందు 'సంప్రదించవలెను' అని రాశారు. 2013 భూసేకరణ చట్టానికి వచ్చేసరికి అది 'ముందస్తు అంగీకారం పొందవలెను' అయింది. షల్ మారలేదు, మారింది దాని పక్క మాట. దానికి పదిహేడేళ్లు పట్టింది.

దూరంగా సొరంగం వైపు కూత వినిపించింది. కుర్రాడు కాగితాలు సర్దుతూ చివరిది తీశాడు. భూమి కేసులో ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం. ఫలానా తేదీన 'యూ మే అప్పియర్' అని ఉంది.

"మే అన్నారు కదా సార్. అంటే మనిష్టమే కదా? ఆ రోజు నాకు మోడల్ టెస్టుంది..."

"కాదు తమ్ముడూ. రాసింది మే. అయినా వెళ్లాలి. ఆఫీసు ఇంగ్లిష్‌లో మర్యాద కోసం అలా రాస్తారు."

"అదేటి సార్, ఇందాక చెప్పింది వేరు కదా!"

తేదీ చూశా. మంగళవారం. మధ్యలో మూడు రోజులే ఉన్నాయి. రైలు ఆగేలోగా ఆ ఉత్తరం మీద పెన్సిలుతో 'మే' కొట్టేసి, పైన తెలుగులో 'వెళ్లాలి' అని పెద్దగా రాసిచ్చా.