రాజధాని లేచిపోయిన ఊళ్లో కాపురం

మెహ్రౌలీలో ఉంటున్నామని చెబితే ఢిల్లీ తెలుగువాళ్లు ముందు జాలిపడతారు. ఆంధ్రా భవన్‌లో భోజనాల దగ్గర కలిసినవాళ్లయితే "అయ్యో, అంత దూరమా!" అంటూ నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేయించబోతారు. జనక్‌పురీ అనో మయూర్ విహార్ అనో చెబితే తలాడించి ఊరుకునేవాళ్లే. కుతుబ్ మీనార్ పక్కనే అని చెప్పాక మటుకు కళ్లు పెద్దవి చేసుకుని, "అక్కడ మనుషులు కూడా ఉంటారా?" అని అడుగుతారు.

ఉంటారండీ. ఇంచుమించు వెయ్యేళ్లనుంచీ ఉంటూనే ఉన్నారు. అనంగపాల తోమరుడు లాల్ కోట్ కట్టించిన పదకొండో శతాబ్దం నుంచి లెక్కేసుకోండి. ఢిల్లీకి ఇంకా కట్టుగుడ్డ లేనినాడే మా వీధికి ప్రహరీగోడ ఉంది. ఇప్పుడేమో మేము ఊరి చివర. ఒకవైపు ఆరావళీ గుట్టల మీద తుమ్మ అడవి, ఇంకోవైపు ఛతర్‌పూర్ ఫార్మ్‌హౌసులు, అవి దాటితే హర్యానా. నెత్తిమీద, దిగడానికి చక్రాలు చాపుకున్న విమానాలు. మా ఆయన ఉద్యోగం గుర్‌గావ్‌లో కాబట్టి అద్దె గిట్టుబాటవుతుందని వచ్చి పడ్డాం. చరిత్ర మీద ప్రేమతో వచ్చామని చెప్పుకుంటే బావుంటుంది కానీ, అబద్ధం.

మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే కాలాన్ని ఓరుగల్లు గడియారంతో కొలవాలి. కుతుబ్ మీనార్‌కి 1199 ప్రాంతంలో పునాది పడిందంటారు. అదే ఏడు ఓరుగల్లులో గణపతిదేవుడు గద్దెనెక్కాడు. అక్కడ రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి నిలబెట్టాడు. ఇక్కడ సుల్తాను ఇల్తుత్మిష్ 1230 ప్రాంతంలో హౌజ్-ఎ-షమ్సీ చెరువు తవ్వించాడు. గుడితోబాటు చెరువూ ఉండాలనుకునే మన కాకతీయులకి ఈయన పోకడ నచ్చి ఉండేదని నా అనుమానం.

ఆ తర్వాత కథ అంత ముచ్చటగా లేదు. 1310లో అలాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు కోటని ముట్టడించి, ప్రతాపరుద్రుడి దగ్గర కప్పం గుంజుకుని వచ్చాడు. వెయ్యి ఒంటెలు ఆ బరువుకి మూలిగాయని అమీర్ ఖుస్రో వర్ణించాడు. మరుసటేడు, 1311లో, మీనార్ పక్కన అలాఉద్దీన్ ఖిల్జీ అలాయి దర్వాజా కట్టించాడు. ఎర్రరాయీ తెల్లపాలరాయీ కలిపి చెక్కిన ఆ ద్వారం చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. మన సొమ్ముతోనే కట్టాడని ఏ శాసనమూ చెప్పదు, నేనూ చెప్పను. కానీ మా ఊరినుంచి చుట్టాలొస్తే అక్కడ కాస్త ఎక్కువసేపు నిలబెడతాను. "తనివితీరా చూడండి, మనకీ ఇందులో వాటా ఉండే ఉంటుంది" అంటాను. మా బాబాయి అయితే ఆ రాతిమీద చెయ్యేసి, బాకీ వసూలుకొచ్చిన షావుకారులా నిలబడ్డాడు.

ఈ బాబాయిదే ఇంకో గోల. కుర్రతనంలో మీనార్ లోపలి మెట్లెక్కాడట, ఇప్పుడూ ఎక్కుతానంటాడు. 1981 డిసెంబర్ 4న లోపల కరెంటు పోయి, చీకట్లో తొక్కిసలాట జరిగి నలభై అయిదుమంది పోయారు. ఎక్కువమంది బడిపిల్లలే. ఆనాటినుంచి తలుపుకి తాళం. ఆ సంగతి చెప్పగానే బాబాయి మాట్లాడ్డం మానేశాడు.

సరే, రాజుల సంగతికొద్దాం. ఈ ఊరి విచిత్రమంతా రాజులు వచ్చినప్పటిది కాదు, పోయినప్పటిది. ఖిల్జీ సిరి కట్టుకుని పోయాడు. తుగ్లక్ ఒకాయన తుగ్లకాబాద్ అన్నాడు, ఆయన కొడుకు జహాఁపనా అన్నాడు, ఫిరోజ్ షా యమున ఒడ్డుకి చేరాడు. షాజహాన్ ఇంకా పైకెళ్లి తన పేరే పెట్టుకున్నాడు. ఇంగ్లీషువాళ్లు 1911లో ఇంకోచోట శంకుస్థాపన చేశారు. ప్రతివాడూ మెహ్రౌలీ రాళ్లకి ఓ దణ్ణం పెట్టి పక్కకి జరిగినవాడే. గోల్కొండవాళ్లకి ఈ బాధ తెలుసు. 1591లో మూసీ అవతల హైదరాబాద్ లేచింది, కోటలో మాత్రం సంసారాలు మిగిలాయి.

రాజధాని లేచిపోతే ఊరు పాడుపడాలి కదా? పడలేదు. దానికి కారణం ఒక ఫకీరు. ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ 1235లో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన దర్గా చుట్టూ పూలవాళ్లు, రొట్టెలవాళ్లు, బిచ్చగాళ్లు, మొక్కులవాళ్లు. నాలుగడుగులేస్తే యోగమాయ అమ్మవారి గుడి. సుల్తానుకి కొత్త కోట దొరుకుతుంది కానీ మొక్కుకున్నవాడికి ఇంకో దర్గా పనికిరాదు. అందుకే గద్దె కదిలినా బజారు కదల్లేదు.

పైగా చివరి మొగలాయిలకి ఇది వానాకాలపు విడిది. ఎర్రకోటలో ఉక్కపోత మొదలవగానే పరివారమంతా ఇక్కడికి దిగేది. రెండో అక్బర్ షా కట్టించిన మహలుకి కొడుకు బహదూర్ షా జఫర్ పెద్ద సింహద్వారం చేర్చాడు, అంబారీతో సహా ఏనుగు దూరేంత. చేతిలో రాజ్యం లేదు, కంపెనీ వాళ్లిచ్చే పింఛను మీద బతుకు. అయినా ద్వారం మాత్రం ఏనుగు కొలతకే! ఇలాంటి మనుషులు మన జమీందారీల్లోనూ ఉండేవారు కాబట్టి నాకు ఆయనంటే కాస్త ఆపేక్ష. ఆ మహలు పక్కనే, పెద్దల సమాధుల నడుమ తనకోసం కాస్త జాగా ఉంచుకున్నాడు. 1862లో రంగూన్‌లో ఖైదులో పోయాడు. ఆ జాగా ఇప్పటికీ ఖాళీ.

ఆయనమీద కన్నేసి ఉంచడానికే అంటారు, కంపెనీ ప్రతినిధి థామస్ మెట్‌కాఫ్ కూడా ఇక్కడో విడిది ఏర్పాటు చేసుకున్నాడు. స్థలం కొని కట్టుకున్నాడనుకునేరు! కులీ ఖాన్ అనే ఆయన గోరీనే ఇల్లుగా మార్చి దిల్‌ఖుషా అని పేరెట్టాడు. తాను లేనప్పుడు దాన్ని కొత్త దంపతులకి అద్దెకిచ్చేవాడట. శోభనానికి సమాధి! మా అమ్మమ్మ వింటే ముందు మైల అని, ఆనక అద్దె ఎంత అని అడిగేది.

కులీ ఖాన్ తమ్ముడు ఆధమ్ ఖాన్ గతీ అంతే. అక్బరుకి దాది కొడుకు. 1562లో ఓ మంత్రిని పొడిచి చంపితే, అక్బరు వాణ్ణి ఆగ్రా కోట మీదనుంచి కిందకి తోయించాడు. కొనఊపిరి ఉందని తెలిసి మళ్లీ పైకి తెప్పించి ఇంకోసారి తోయించాడు. అలా పోయినవాడికి మా బస్ టెర్మినల్ ఎదుట గుట్టమీద పెద్ద ఎనిమిది పలకల సమాధి! 1830లలో బ్లేక్ అనే దొర, భోజనాల బల్లకి అడ్డమొస్తోందని గోరీ రాళ్లు తీయించి అందులో కాపురం పెట్టాడు. తర్వాత అది గెస్ట్‌హౌసు, పోలీస్ స్టేషను, పోస్టాఫీసు కూడా అయింది. గోడల్లోపల చీకటి నడవా ఉంది, దాంతో ఊరివాళ్లకి అది భూల్ భులయ్యా. ఒక పెళ్లివారు మొత్తం అందులో దారితప్పి మాయమయ్యారని మా ఇంటావిడ ప్రమాణం చేసి చెబుతుంది. ఏ సంవత్సరమని అడిగితే కోపం.

ఈ ఇంటావిడ గురించి చెప్పాలి. నేను ఆంటీజీ అంటాను, ఆవిడ నన్ను బేటీ అంటుంది. 1947లో పశ్చిమ పంజాబునుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబం. అప్పటికి ఈ గల్లీల్లోని ముసల్మానులు ఎందరో ప్రాణభయంతో వెళ్లిపోయారు. ఎవరి పొయ్యి ఆరితే ఎవరు వెలిగించారో ఆవిడకి తెలుసు, చెప్పదు. గాంధీగారు 1948 జనవరి 13న నిరాహారదీక్షకి కూర్చున్నప్పుడు పెట్టిన షరతుల్లో మా ఊరిదీ ఒకటి: కుతుబుద్దీన్ దర్గాలో ఉర్సు నిర్భయంగా జరగాలి. జరిగింది. 27న స్వయంగా వచ్చి, విరిగిన పాలరాతి జాలీలు చూసి బాధపడ్డాడు. మూడ్రోజులకి ఆయన్నే చంపేశారు.

ఇక చరిత్రతో సహజీవనం ఎలా ఉంటుందంటారా? కారే శ్లాబులా ఉంటుంది. నిజంగానే అంటున్నా. 2010 చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం, ఆపైన రెండొందల మీటర్లు నియంత్రితం. మెహ్రౌలీలో వంద మీటర్లు నడిస్తే ఇంకో కట్టడం తగులుతుంది. అందుచేత మాలాంటివాళ్ల నెత్తిన ఒక నిషేధం మీద ఇంకో నిషేధం, దుప్పట్లు కప్పినట్టు. ఇల్లు పెంచే మాటే లేదు, మరమ్మతుకి కూడా అర్జీ పెట్టాలి. ఆంటీజీ అర్జీ పెట్టింది. వానలొచ్చి పోయాయి, జవాబు రాలేదు. ఆఫీసు పేరు చెప్పను, ఆవిడ మళ్లీ అక్కడికే వెళ్లాలి పాపం.

రూలు తప్పనను. అదే లేకపోతే ఈపాటికి మీనార్ పక్కన దాన్ని మించిన హోటలు లేచేది. కానీ మీనార్ కనబడేలా బల్లలేసిన డాబా రెస్టారెంట్లు వచ్చాయా లేదా? వాటికి దొరికిన అనుమతులు ఆంటీజీ శ్లాబుకి ఎందుకు దొరకలేదో నాకు అంతుబట్టదు. ఇంకో పక్క, జాబితాకి ఎక్కని పాతరాయికి ఏ రక్షణా లేదు. 2024 జనవరి 30 తెల్లవారుజామున సంజయ్ వనంలోని అఖూంద్‌జీ మసీదుని ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ) యంత్రాలతో పడగొట్టింది. 1853లో మరమ్మతు చేశారని దానికి రాతే ఉంది. కాగితం మీద పేరున్న గోడకి మేకు కొట్టకూడదు, పేరులేని గోడ పొద్దెక్కేసరికి ఉండదు. ఊళ్లోవాళ్లు దాన్నిగురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

మిగతావి మామూలు కష్టాలే. బోరునీళ్లలో పప్పు ఉడకదు. కోతులు అప్పడాలు ఎండనివ్వవు. మునక్కాడలూ కరివేపాకూ కావాలంటే మెట్రో ఎక్కి ఐఎన్‌ఏ మార్కెట్టుకి పోవాల్సిందే. ఎల్లో లైన్ తిన్నగా తీసుకెళ్తుంది కాబట్టి ఫిర్యాదు లేదు.

మీరు రావాలనుకుంటే వానలు వెనకబట్టాక, పూలవాళ్ల జాతరకి రండి. ఫూల్‌వాలోఁ కీ సైర్. దీనికి మూలం ఒక తల్లి మొక్కు. రెండో అక్బర్ షా కొడుకు మీర్జా జహంగీర్ ఇంగ్లీషు రెసిడెంటు మీద తుపాకీ పేల్చాడు. గురి తప్పింది, కుర్రాణ్ణి అలహాబాద్ పంపేశారు. కొడుకు తిరిగొస్తే దర్గాకి పూలదుప్పటి కప్పుతానని రాణీ మొక్కుకుంది. వచ్చాడు, కప్పింది. అమ్మవారికీ పూలు పంపమన్నాడు పాదుషా. అప్పటినుంచి యోగమాయ గుడికి ఒక పూల పంఖా, దర్గాకి ఒక పూల దుప్పటి. 1942లో ఇంగ్లీషువాళ్లు ఆపేశారు, 1962లో నెహ్రూ చొరవతో మళ్లీ మొదలైంది. గుడికి వెళ్లే పంఖా వెంట ముసల్మానులూ, దర్గాకి వెళ్లే దుప్పటి వెంట హిందువులూ నడుస్తారు. మతసామరస్యమని మైకులో ఉపన్యాసాలుంటాయి. మా వీధివాళ్లు మాత్రం జిలేబీల కోసం, పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించడం కోసం వస్తారు.

ఆటో ఎక్కేటప్పుడు ఒక్క జాగ్రత్త. కుతుబ్ మీనార్ అన్నారో, తిన్నగా టిక్కెట్ కౌంటరు దగ్గర దింపుతాడు. మెహ్రౌలీ బస్ టెర్మినల్ అనండి. ఆధమ్ ఖాన్ గోరీని ఎడమో కుడో చేసుకుని బజార్లో పడి అడుక్కుంటూ వస్తే, దర్గా, జఫర్ మహల్, చెరువుగట్టు మీద జహాజ్ మహల్ వరసగా తగుల్తాయి. మధ్యలో ఎక్కడైనా దారితప్పితే కంగారుపడకండి. భూల్ భులయ్యాలో తప్ప ఈ ఊళ్లో తప్పిపోయినవాళ్లందరూ దొరికారు.