నేలకు రంగు వేసే ముందు

గత వేసవిలో అమెరికాలో మా అబ్బాయి ఇంట రెండు నెలలు గడిపాను. 1950లలో కట్టిన ఇల్లు అది. ముందుగదిలోని ఓక్ చెక్క నేల వన్నె తగ్గి ఉంది. కొత్త రంగు పట్టాలంటే ముందు పాత పూతను పూర్తిగా తొలగించాలి. అబ్బాయి యంత్రానికి 40 నంబరు ముతక సాండ్‌పేపర్ బిగించి మొదలుపెట్టి, 60, 80, 100కు వరుసగా మారాడు. ఒక అంచె వదిలితే ఆ గీతలు రంగు వేశాకే బయటపడతాయట. అంత ఓపిక చూపినవాడు ముక్కుకు మాత్రం ఏమీ కట్టుకోలేదు. “రెండు రోజుల పనే కదా, నాన్నా!” అన్నాడు.

గాలిలో తేలుతున్న ఆ పొడిని చూడగానే నాకు ఒక వడ్రంగి గుర్తుకు వచ్చాడు. ఒకవైపు ముక్కు మూసుకుపోతున్నదని, అప్పుడప్పుడు రక్తం పడుతున్నదని నా వద్దకు వచ్చాడు. రెండుసార్లు జలుబు మందులిచ్చి పంపాను. మూడవసారి అతని చేతుల కాయలు చూసి, ఏం పని చేస్తావని అడిగాను. అప్పటికే ముక్కులోని కణితి ముదిరింది. రోగిని వృత్తి ఏమిటని అడగాలని ఇటలీ వైద్యుడు రమజ్జిని 1700లోనే రాశాడు. చదివీ మరచిన తప్పు నాది.

చెక్కపొడి మనుషులకు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. ఆ ముప్పు ప్రధానంగా ఏళ్ల తరబడి పొడి పీల్చేవారికే. రెండు రోజుల పనితో క్యాన్సర్ వస్తుందని భయపడనక్కరలేదు. అయితే ఉబ్బసం ఉన్నవారికి ఒక్క పూట చాలు.

కనుక ఎన్95 మాస్కు ముఖానికి బిగుతుగా ధరించాలి. పొడిని చీపురుతో లేపక, హెపా వడపోత గల వాక్యూమ్‌తో తీయాలి. మిగిలిన పొడి రంగునూ పాడుచేస్తుంది. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇళ్లలో పాత పెయింటులో సీసం ఉండవచ్చు. పరీక్షించకుండా గీకరాదు, పాకే పిల్లలున్న ఇంట అసలే కూడదు. నూనె రంగు తుడిచిన గుడ్డలను కుప్పగా వేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరచి ఆరబెట్టాలి.

అబ్బాయి ఆ మధ్యాహ్నమే మాస్కు తెచ్చుకున్నాడు. చెక్కపని చేసే పాఠకులకు నా మనవి: ఒకే వైపు ముక్కు వారాల తరబడి మూసుకుపోయినా, రక్తం పడినా ఆలస్యం చేయక చెవి, ముక్కు, గొంతు నిపుణుని చూడండి. వైద్యుడు అడగకపోయినా మీ పని ఏమిటో మీరే చెప్పండి.