బింది

ఒడిశాకి వచ్చిన కొత్తలో నేను నేర్చుకున్న మొదటి వాక్యం మా బ్యాంకు క్యాషియర్ నోటి నుంచి ఊడిపడింది. మధ్యాహ్నం రెండింటప్పుడు కౌంటర్ మీద తల ఆనించి "మ్యాడమ్, ముండొ బింధుచి" అన్నాడు. నేను కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని. ఆ మొదటి మాటని మా వైపు ఆడవాళ్ళ మీదికి ఎలా విసురుతారో బాగా తెలిసినదాన్ని. నా మొహం కందగడ్డయింది. పక్క సీట్లో ఉన్న గుణుపురం తెలుగాయన పొట్ట పట్టుకుని నవ్వి, "ముండొ అంటే తలకాయండీ. బింధుచి అంటే నొప్పెడుతోందని. పాపం తలనొప్పి ఆయనకి" అని విప్పి చెప్పాడు. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెబితే ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. ఇంటికి చుట్టాలెవరొచ్చినా ఐదేళ్ళపాటు ఆ కథ చెప్పి నవ్వించాను. అంటే ఆ మాట నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి లేదు.

మాది ప్రవాసమే అంటే మా పెదనాన్న ఒప్పుకోడు. వీసా లేదు, విమానం లేదు, పొద్దున రైలెక్కితే సాయంత్రానికి విజయనగరంలో టీ తాగొచ్చు, ఇదేం ప్రవాసం అంటాడు. ఆయన మాటలోనూ కొంత నిజముంది. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ జయపురం సంస్థానమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. ఒడిశా ఏర్పడిన ఆ రోజున రాయగడ, గుణుపురం తెలుగువాళ్ళు గడప దాటకుండానే వేరే రాష్ట్రం వాళ్ళయిపోయారు. కదిలింది వాళ్ళు కాదు, గీత. నేను మాత్రం ట్రాన్స్‌ఫర్ ఆర్డరు పట్టుకుని, ఒడియా ఒక్క ముక్క రాకుండా, 2017లో కోరాపుట్‌లో దిగిన అచ్చమైన ప్రవాసిని. ఇన్నేళ్ళలోనూ నా ఒడియా బజారు బేరాలు, బ్యాంకు ఫారాలు దాటి ముందుకు పోలేదు.

పిల్ల 2022 నవంబరులో వచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళకి, దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకున్న మూడేళ్ళకి, ఒక ఫోటో వచ్చింది. 48 గంటల్లో అవునో కాదో చెప్పాలి. మేం పది నిమిషాలు కూడా తీసుకోలేదు. పిల్లకి అప్పటికి 20 నెలలు. దత్తత ఆర్డరు చేతికొచ్చేదాకా చట్టం దీన్ని దత్తతకు ముందరి పోషణ అంటుంది. మన పక్కలో పడుకుంటుంది, మన చేతి ముద్ద తింటుంది, కాగితం మీద మాత్రం ఇంకా మన పిల్ల కాదు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచే ఈ ఆర్డర్లు ఇచ్చే పని కోర్టుల నుంచి కలెక్టర్లకి మారింది, అందుకని మా ఫైలు కలెక్టరాఫీసులో ఉంది. పిల్లతో పాటు వచ్చిన ఆరోగ్య పత్రంలో బరువు, టీకాలు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి. ఎవరో వదిలేసి వెళ్ళిన బిడ్డ. రెండు నెలలు చూసినా ఎవరూ రాలేదు. అమ్మానాన్నలే తెలియనప్పుడు వాళ్ళ ఇంట్లో ఎవరికి ఏ జబ్బుందో ఎవరు చెబుతారు?

మొదటి వారం పిల్ల ఏడవలేదు. పడినా ఏడవలేదు, ఆకలేసినా ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని ఫోన్లలో మురిసిపోయాం. ఏడిస్తే ఎవరూ రారని అర్థమయ్యాక పిల్లలు ఏడుపు మానేస్తారని ఆ తర్వాతెప్పుడో చదివాను, అప్పుడు మా మురిపెం తలుచుకుంటే సిగ్గేసింది. నిద్రపోయే ముందు కూర్చుని సన్నికల్లు మీద పొత్రంలా ముందుకీ వెనక్కీ ఊగేది. అన్నం తినేశాక గుప్పెడు గుప్పిట్లోనే ఉండిపోయేది, తెల్లారి దిండు కింద ఎండిన ఇడ్లీ ముక్కలు దొరికేవి. పెరట్లోకి వదిలితే మట్టి తినేది. నెయ్యన్నం ఉమ్మేసేది కానీ, పనమ్మాయి తన కోసం తెచ్చుకునే మండియా పేజ్, మన చోడి అంబలి లాంటిదే, అది చూస్తే ఎగబడేది.

ఇవన్నీ అలవాట్లు, మెల్లగా పోతాయనుకున్నాం. అసలు పేచీ స్నానంతో వచ్చింది. కోరాపుట్ 800 మీటర్లకి పైన ఉన్న ఊరు. నవంబరు చివరికే అక్కడ వేడినీళ్ళు చెంబులో ఉండగానే చల్లారిపోతాయి. అమ్మ సరదాపడి కోనసీమ నుంచి వచ్చి, ఒళ్ళంతా నూనె పట్టించి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయబోతే పిల్ల పెట్టిన కేకకి పక్క క్వార్టర్ వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. జాతకంలో జలగండం ఉందేమో చూపించమంది అమ్మ. పుట్టిన వేళే తెలియని పిల్లకి జాతకం ఏం వేయిస్తాం? బూట్లు తొడిగితే విసిరికొట్టేది. ఇంటి నిండా నడిచే పిల్ల డిసెంబరులో ఒక పొద్దున లేచి నడవనంది. మూడ్రోజులు ఎత్తుకోమని చేతులు చాచింది, లేకపోతే పాకింది. నాలుగో రోజు ఏమీ ఎరగనట్టు నడిచింది. మారాం అన్నారు, గారాబం ఎక్కువైందన్నారు. మధ్యలో జ్వరం. ఈ జిల్లాలో జ్వరమంటే ముందు మలేరియాయే. రెండుసార్లు వేలు పొడిచి చూశారు, రెండుసార్లూ లేదన్నారు. పనమ్మాయి తమ ఊరి నాటువైద్యుడు దిసారిని పిలుచుకొస్తానంది. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. ఘాటు రాలేదు, దిష్టి గట్టిగానే ఉంది అంది.

రాత్రిళ్ళు మాత్రం పిల్ల ఏడవడం మొదలెట్టింది. నిద్రలోంచి లేచి "బింది, బింది" అనేది. మాకందరికీ ఇట్టే అర్థమైపోయింది. బిందె అడుగుతోంది. అమ్మ ఇత్తడి బిందెడు నీళ్ళు మంచం పక్కనే పెట్టింది. గ్లాసుతో ముంచి ఇస్తే గటగటా తాగేది, ఎంత దాహమో అనుకునేవాళ్ళం. తాగి మళ్ళీ బింది అని ఏడ్చేది. ఇంకో గ్లాసు ఇచ్చేవాళ్ళం. ఒక రాత్రి మా ఆయన విసిగిపోయి బిందె ఎత్తి పిల్ల ముందు టంగుమని పెట్టాడు. "ఇదిగో, ఇంద, మొత్తం తాగు" అన్నాడు. నేను కోప్పడ్డాను, బిందె విషయంలో కాదు, చప్పుడు విషయంలో.

సంక్రాంతికి ఊరు బయల్దేరాం. మొదటి పండగ, భోగిపళ్ళు పోయాలి, రేగిపళ్ళు అమ్మ ముందే చెప్పి పెట్టింది. కోరాపుట్ నుంచి రాయగడ దాకా ఆ రైలు దారి సొరంగాలమయం. చీకటి, వెలుగు, చీకటి. కిటికీ సందులోంచి చలిగాలి కోస్తోంది. ఎదురు సీట్లో రాయగడ వెళ్తున్న ఒక ముసలావిడ, ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఒళ్ళో పసుపు కొమ్ముల సంచి. పిల్ల బింది అంది. మా ఆయన అలవాటు ప్రకారం సంచిలోంచి సీసా తీశాడు. ముసలావిడ మమ్మల్ని వింతగా చూసింది. "పాణి నుహే మా. గోడొ బింధుచి." నీళ్ళు కాదమ్మా, కాళ్ళు నొప్పెడుతున్నాయి దానికి. అని, లేచొచ్చి పిల్ల మేజోడు లాగేసింది. పాదం పైభాగం పొంగిన పూరీలా ఉంది. నేనే పొద్దున తొడిగిన మేజోడు. అది తొడుగుతున్నప్పుడు ఏడిస్తే నోరు మూసుకోమన్నాను కూడా.

శిశుగృహంలో ఆయాలు ఒడియాలోనే మాట్లాడి ఉంటారు. పిల్లకి వచ్చిన నాలుగైదు మాటల్లో ఇదొకటి. రెండు నెలలుగా రోజూ రాత్రి, తనకొచ్చిన భాషలో, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. నేను ఐదేళ్ళు చుట్టాలందరికీ చెప్పి నవ్వించిన మాటే అది.

రాయగడలో దిగిపోయాం. కోనసీమ వెళ్ళలేదు. పిల్లల డాక్టరు, చిన్న వయసావిడ, కాళ్ళూ చేతులూ చూసింది, కంటి రెప్ప కిందికి లాగి చూసింది, పొట్టకి ఎడమ పక్క నాలుగు వేళ్ళు ఆనించి ఊపిరి తీసుకోమన్నట్టు పిల్లకి కితకితలు పెట్టింది. "బల్ల పెరిగింది" అంది, తెలుగులో. బల్ల అంటే ప్లీహం. మా నాయనమ్మ తర్వాత ఆ మాట నేను మళ్ళీ వినడం అదే. రక్తం తీసి అక్కడే ఒక పరీక్ష చేసింది, ఖాయం చేసుకోవడానికి విశాఖకి మరోటి పంపింది. పది రోజులకి కాగితం వచ్చింది. సికిల్ సెల్, రెండు జన్యువులూ అవే.

కొడవలి వంపు తిరిగే ఎర్రకణాల సంగతి చికాగోలో జేమ్స్ హెరిక్ 1910లోనే రాశాడు. మన దేశంలో 1952లో నీలగిరి కొండ జాతుల్లో మొదట గుర్తించారు. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులే. బతికినన్నాళ్ళూ సన్నటి నాళాల్లో అడ్డం పడుతుంది. కడుపులో ఉన్నప్పటి రక్తపు గుణం తొలి ఆరు నెలలూ బిడ్డని కాస్తుంది, అది తగ్గాక మొదట దెబ్బ తగిలేది చేతి, పాదాల చిన్న ఎముకలకి. చలి తగిలితే ఎక్కువవుతుంది. అందుకే స్నానం, అందుకే బూట్లు, అందుకే నడవనన్న మూడ్రోజులు. మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు, అందుకే గటగటా తాగడం. రక్తం తక్కువైన పిల్లలు మట్టి తింటారు, అదీ అందులో కలిసింది. జలగండం నుంచి గారాబం దాకా మేం పెట్టిన పేర్లన్నిటికీ ఒక్క కాగితం సరిపోయింది. మేం అర్థం కాక బిందెలు పట్టుకు తిరిగినా, ఆ నీళ్ళే పిల్లకి కొంత మేలు చేశాయని డాక్టరమ్మ అంది. ఓదార్పుకి అందో, నిజంగానే అందో.

బల్ల చూడటం ఆవిడే నాకు నేర్పింది. ఈ పిల్లల్లో రక్తం ఉన్నట్టుండి ప్లీహంలోకి చేరిపోయి గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. జమైకాలో 1980ల ప్రాంతంలో తల్లులకే పొట్ట తడిమి చూడటం నేర్పారట, దాంతో ఆ చావులు బాగా తగ్గాయి. మొదట్లో నా వేళ్ళకి ఏమీ తెలిసేది కాదు. అమ్మ చేసే నూనె మర్దనలో దాన్ని కలిపేశాం. నూనె రాసిన పొట్ట మీద వేళ్ళు బాగా కదులుతాయి.

ఒక మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. కాగితం వచ్చిన రోజు సాయంత్రం మా అత్తయ్య ఫోన్ చేసి, "ఇంకా ఆర్డరు రాలేదుగా అమ్మా, ఆలోచించుకోండి" అంది. నేను విరుచుకుపడ్డాను. మా ఆయన నన్ను సముదాయించాడు. రాత్రి అందరూ పడుకున్నాక లేచి, దత్తత ఫైలు తీసి, మేం సంతకాలు చేసిన పేజీలు మొదటి నుంచీ చదివాను. ఏం వెతికానో నాకు తెలుసు. పావుగంట చదివి ఉంటాను. పిల్ల లేచి బింది అంది. ఫైలు మూసి వెళ్ళి కాళ్ళకి వెచ్చటి గుడ్డ చుట్టాను. ఆ పావుగంట ఎటూ పోలేదు, ఉంది.

అందుకే ఎవరైనా, ఆ మొదటి ఆరోగ్య పత్రంలోనే ఈ పరీక్ష ఉంటే బాగుండేది కదా అంటే వెంటనే ఔననలేను. ఉండాలి. పెన్సిలిన్ చిన్నప్పటి నుంచే ఇవ్వాలి, నొప్పికి మందివ్వాలి, ఈ కొండ జిల్లాల పిల్లలకి పుట్టగానే పరీక్ష చేయాలి. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలెట్టింది, 40 ఏళ్ళ లోపు వాళ్ళు 7 కోట్ల మందికి పరీక్షలన్నారు. మా పనమ్మాయి ఊళ్ళోనూ చేశారు. ఆమె వాహకురాలని తేలింది, పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కార్డు చూసుకోమన్నారు. మంచిదే. కానీ ఆ 48 గంటల్లో, ఫోటోతో పాటు ఆ ఒక్క పదం కూడా వచ్చి ఉంటే, మేం పది నిమిషాల్లో ఔనని ఉండేవాళ్ళమా? ఏమో.

ఆర్డరు మార్చిలో వచ్చింది. ఇప్పుడు హైడ్రాక్సీయూరియా వాడుతున్నాం, నొప్పులు తగ్గాయి. 2024లో నాకు రాయగడ బదిలీ అయింది. చలి తగ్గిందనుకుంటే ఎండ వచ్చిపడింది, ఎక్కడికెళ్ళినా నీళ్ళ సీసా తప్పదు. ఇక్కడ కూరగాయలావిడ తెలుగులో బేరమాడుతుంది, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర సగం మాటలు మనవే.

అయితే ఆ కాగితానికి అందనివీ ఉన్నాయి. ఊగడం ఏడాదికి పోయింది. దిండు కింద తిండి దాయడం పోలేదు. అనాథాశ్రమాల పిల్లల్లో సగం మందిని పెంపుడిళ్ళకి పంపి బుకారెస్ట్‌లో 2000లో మొదలుపెట్టిన అధ్యయనం గురించి చదివాను. 136 మంది పిల్లలు. రెండేళ్ళ లోపు ఇంటికి చేరినవాళ్ళు ఎక్కువ తేరుకున్నారట. మా పిల్ల 20 నెలలకి వచ్చింది. నాలుగు నెలలు ముందే వచ్చిందని సంతోషించాలో, ఇరవై నెలలు ఆలస్యమైందని లెక్కేసుకోవాలో తెలియక పుస్తకం పక్కన పెట్టేశాను. ప్రెషర్ కుక్కర్ ఈల వింటే మాత్రం ఇప్పటికీ బల్ల కింద దూరుతుంది. ఎందుకో ఏ డాక్టరూ చెప్పలేదు. కుక్కర్ అటకెక్కింది, అన్నం గిన్నెలో వార్చుకుంటున్నాం.

మొన్న సంక్రాంతికి ఎట్టకేలకు కోనసీమ వెళ్ళాం. భోగిపళ్ళు పోసే వయసు దాటిపోతోందని అమ్మ హడావుడిగా పేరంటం పిలిచింది. వీధి ఆడవాళ్ళంతా చాప మీద కూర్చుని ఉన్నారు. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, చిల్లర డబ్బులు నెత్తి మీంచి జలజలా రాలాయి. పిల్ల తల తడుముకుని, అందరికీ వినపడేలా, "అమ్మమ్మా, ముండొ బింధుచి" అంది. చాప మీద మాటలు ఆగిపోయాయి. ఒకావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ ఎవరికీ ఏమీ విప్పి చెప్పలేదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుని, పట్టు పరికిణీ బొందు కాస్త వదులు చేసి, పొట్టకి ఎడమ పక్క నాలుగు వేళ్ళు ఆనించింది.